రిపోర్టు చాటున రీళ్లు

జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో కోమ్‌కినో అనే చిన్న థియేటర్ ఉంది. 2010ల్లో అక్కడ ‘హోఫ్‌బావర్ కాంగ్రెస్’ పేరిట ఓ వింత సమావేశం మొదలైంది. పేరు చూసి రాజకీయ మహాసభ అనుకుంటే పొరపాటే. ఎర్నెస్ట్ హోఫ్‌బావర్ అనే దర్శకుడి పేరు పెట్టుకున్న సినీ ప్రియులు రోజుల తరబడి కూర్చుని పాత సినిమాలు చూసే జాతర అది. అందులో పెద్ద వాటా ఒకప్పుడు పరువుగలవారు కాలరెత్తి ముఖం దాచుకుని వెళ్లి చూసిన జర్మన్ ‘పెద్దల’ సినిమాలది. డిజిటల్ కాపీలు కాదు, అసలు ఫిల్మ్ ప్రింట్లే కావాలి. వయసు మీరి రంగు వెలిసి ఎర్రబారినా సరే, గీతలు పడినా సరే. అదే వారికి ముద్దు.

ఈ మోజు ఒక్క ఊరిదే కాదు. ఆ సినిమాలకు గెర్ట్ విల్డెన్ కట్టిన బాణీలను 1996లో ఓ బెర్లిన్ సంస్థ సీడీగా తెస్తే, సినిమా పేరే వినని కుర్రకారు కూడా కొనుక్కున్నారు. పేరున్న దర్శకుడు డొమినిక్ గ్రాఫ్ 2016లో జర్మనీ మరచిపోయిన చవకబారు సినిమాలపై ఏకంగా డాక్యుమెంటరీయే తీశాడు. నవ్వులు, తోలు నిక్కర్లు, ఆల్ప్స్ కొండలు, ట్రంపెట్లు. ఇంటర్నెట్ బూతుతో పోలిస్తే ఎంత అమాయకంగా ఉండేవో అన్నది ఈ అభిమానుల వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ అమాయకత్వం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

కథ మొదలైంది సర్కారు చలవతోనే. 1967లో పశ్చిమ జర్మనీ ఆరోగ్య మంత్రిత్వ శాఖ అండతో ‘హెల్గా’ అనే సినిమా వచ్చింది. గర్భం, కాన్పు గురించి దేశానికి పాఠం చెప్పడం దాని పని. తెర మీద నిజమైన ప్రసవాన్ని చూపారు. జనం విరగబడ్డారు. నాటి ఆరోగ్య మంత్రి కేటె ష్ట్రోబెల్ 1969లో బడిపిల్లల కోసం లైంగిక విజ్ఞాన అట్లాసు కూడా తెచ్చారు. ఇంకోవైపు ఓస్వాల్ట్ కొల్లె అనే పాత్రికేయుడు 1968 నుంచి దాంపత్య సుఖం గురించి సినిమాలు తీసి ఇంటింటి పేరైపోయాడు. కొల్లెకు నిజంగానే చెప్పాలనుకున్న విషయం ఉంది. పెళ్లికాని జంటకు గది అద్దెకిస్తే ఇంటి యజమానిపై కేసు పెట్టగల చట్టం అప్పటికింకా బతికే ఉంది. అలాంటి దేశంలో ఎవరో ఒకరు నోరు తెరవాల్సిందే.

అయితే నోరు తెరిస్తే కాసులు రాలతాయని మ్యూనిక్ నిర్మాత వుల్ఫ్ హార్ట్‌విగ్ కనిపెట్టాడు. గుంథర్ హునోల్డ్ అనే రచయిత అమ్మాయిలతో జరిపిన ఇంటర్వ్యూల పుస్తకం హక్కులు కొని, హోఫ్‌బావర్ చేతికి కెమెరా ఇచ్చాడు. 1970లో ‘షూల్‌మేడ్షెన్ రిపోర్ట్’, అంటే బడి అమ్మాయిల నివేదిక, విడుదలైంది. ఒక్క పశ్చిమ జర్మనీలోనే 60 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. 1980 దాకా వరుసగా మొత్తం 13 భాగాలు వచ్చాయి. ఆ వెనకే గృహిణుల రిపోర్టు, నర్సుల రిపోర్టు అంటూ ఊరేగింపు. రిపోర్టులు బోరు కొట్టాక బవేరియా పల్లెల్లో తోలు నిక్కర్ల హాస్యం వంతు వచ్చింది.

ఇంత గిరాకీకి కారణం కేవలం కోరిక కాదు. 1956లో పశ్చిమ జర్మన్ థియేటర్లు 81 కోట్లకు పైగా టికెట్లు అమ్మాయి. టీవీ వచ్చి కూర్చున్నాక 1970 నాటికి అది 16 కోట్లకు పడిపోయింది. కుటుంబం సోఫాలో స్థిరపడిపోతే థియేటర్‌కు మిగిలింది టీవీ చూపలేనిదే. పైగా 1968లో అమల్లోకి వచ్చిన సినిమా ప్రోత్సాహక చట్టం ఓ విచిత్రమైన ఏర్పాటు చేసింది. బాగా ఆడిన సినిమా నిర్మాతకు తరువాతి సినిమా కోసం సబ్సిడీ ఇమ్మంది. ఏది బాగా ఆడుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కళాత్మక సినిమాను ఉద్ధరించాలని కలలుగన్న యువ దర్శకులు నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

సెన్సారు పనిచేసే సంఘాన్ని ఒప్పించే చిట్కా పేరులోనే ఉంది. ఇది సినిమా కాదు, రిపోర్టు. మొదటి భాగంలో కథను మోసేది బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశం. విహారయాత్రలో తప్పు చేసిన విద్యార్థినిని బహిష్కరించాలా వద్దా అన్నది చర్చ. మనస్తత్వవేత్త ఒకాయన లేచి, లోకం మారిందని బుద్ధి చెబుతూ ఒక్కో ఉదాహరణ విప్పుతాడు. మధ్యమధ్య ఫ్రీడ్రిష్ ఫాన్ టూన్ అనే నటుడు మైకు పట్టుకుని వీధిన పోయే అమ్మాయిలను ప్రశ్నిస్తుంటాడు (ఇదే నటుడు రెండు దశాబ్దాల తరువాత స్పీల్‌బర్గ్ ‘షిండ్లర్స్ లిస్ట్’లో కనిపించాడు). ప్రేక్షకుడు చొంగ కారుస్తూనే సమాజం గురించి ఆలోచిస్తున్నట్టు నటించవచ్చు. ఈ విద్య జర్మన్లకే సొంతం కాదు. హిందీలో 1974 నాటి ‘గుప్త్ జ్ఞాన్’ కూడా విజ్ఞానం పేరు చెప్పే హాళ్లు నింపింది. తెల్లకోటు తొడిగిన మనిషి తెర మీదికి వస్తే చాలు, ఏ దేశంలోనైనా సగం నేరం మాఫీ.

ఈ సాకుల యుగానికి గండి కొట్టింది కూడా చట్టమే. 1973లో శిక్షాస్మృతిని సవరించి, 1975 నుంచి పెద్దలకు అసలు సిసలు బూతు సినిమాను అనుమతించారు. అయితే కేవలం సినిమా చూపడానికే డబ్బు తీసుకోకూడదని మెలిక పెట్టారు. వ్యాపారులు క్షణం ఆలోచించలేదు. టికెట్ సినిమాకు కాదు, పానీయానికి అన్నారు. బీరు కొనుక్కో, సినిమా ఉచితం. సాకు అవసరం తీరాక రిపోర్టులకు ఆదరణ తగ్గింది. ఆపై వీడియో క్యాసెట్ వచ్చి మిగతా పని పూర్తి చేసింది. ప్రయాణికులు రైలు వచ్చేదాకా కూర్చోవడానికి పెట్టిన స్టేషన్ సినిమాహాళ్లు ఆ రోజుల్లో ఇలాంటి సరుకుతోనే బతికి, ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ఈ రోజు బెంగ పెట్టుకునే వారిలో చాలామంది ఆ హాళ్లలో అడుగుపెట్టినవారు కూడా కాదు. 1984లో జర్మనీలో ప్రైవేటు టీవీ మొదలైంది. అర్ధరాత్రి గంటలు నింపడానికి చవకగా దొరికిన సరుకు ఈ పాత రీళ్లే. అమ్మానాన్న నిద్రపోయాక శబ్దం తగ్గించి చూసిన కుర్రాళ్లు ఇప్పుడు నడివయసుకు చేరారు. వాళ్లు తలచుకునేది సినిమాను కాదు, చీకటి గదిలో గుండె దడను. దాన్ని ఎగతాళి చేయాల్సిన పనిలేదు. తెలుగునాట మార్నింగ్ షోకు మలయాళ డబ్బింగ్ సినిమా పోస్టరు చూసి దొంగతనంగా దూరినవారికి ఆ దడ తెలియనిది కాదు.

కానీ దడను పక్కనపెట్టి తెరను చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. కథలన్నీ బడి వయసు అమ్మాయిల గురించే. చూపంతా నడివయసు మగాడిది. బలాత్కారాన్ని సైతం కొన్ని కథల్లో కొంటెతనంగా, మరికొన్నింట్లో అమ్మాయి చేసుకున్న కర్మగా చుట్టేశారు. చివర్లో వ్యాఖ్యాత వేలు చూపించి నీతి చెబుతాడు. ఆ వేలు ఎప్పుడూ అమ్మాయి వైపే. నాటి చట్టానిదీ దాదాపు అదే ధోరణి. ఇల్లు, సంసారం పనులకు అడ్డురానంత వరకే భార్య ఉద్యోగం చేయవచ్చన్న నిబంధన 1977 దాకా జర్మన్ పౌరస్మృతిలో ఉంది. భార్యపై బలాత్కారాన్ని పార్లమెంటు నేరంగా గుర్తించింది 1997లో. అదీ ఏకగ్రీవంగా కాదు, 138 మంది సభ్యులు వ్యతిరేకంగా ఓటేశారు. (భారత్‌లో భర్తలకున్న ఆ మినహాయింపు 2024లో అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ పదిలంగా చేరింది.) తెర మీద విముక్తి ఉరకలేస్తున్న దశాబ్దంలో తెర బయట ఆడవాళ్లకు దక్కిన స్వేచ్ఛ అంత.

నిజమైన తెగువ ఆ రోజుల్లో లేకపోలేదు. అది వేరేచోట ఉంది. 1971 జూన్‌లో ‘ష్టెర్న్’ పత్రికలో 374 మంది మహిళలు తమ పేర్లతో ముందుకొచ్చి గర్భస్రావం చేయించుకున్నామని ప్రకటించారు. నటి రోమీ ష్నైడర్ వారిలో ఒకరు. అది నేరం, జైలు శిక్ష పడే అవకాశముంది. ఆ ప్రకటన వెనకున్న పాత్రికేయురాలు ఆలిస్ ష్వార్ట్సర్, 1987లో తన ‘ఎమ్మా’ పత్రిక ద్వారా బూతు వ్యాపారంపై చట్టం తేవాలని ఉద్యమించింది. చట్టం రాలేదు, ఆమెను మగద్వేషి అన్నవారు మాత్రం కొల్లలు. ఆమె వాదనలన్నీ ఒప్పుకోనక్కర్లేదు. అయినా ఈ పాత సినిమాల జాతరల్లో ఆమె అడిగిన ప్రశ్న అడిగేవారు తక్కువే.

నిర్మాత హార్ట్‌విగ్‌కు ఆ లాభాలు పైమెట్టు ఎక్కించాయి. 1977లో హాలీవుడ్ దర్శకుడు శామ్ పెకింపాతో ‘క్రాస్ ఆఫ్ ఐరన్’ అనే యుద్ధచిత్రం తీశాడు. హోఫ్‌బావర్ 1984లో చనిపోయాడు, అతడి పేరుతో ఇప్పుడు కాంగ్రెస్ జరుగుతోంది. విల్డెన్ 2015లో కన్నుమూసేనాటికి అతడి బాణీలు కొత్త తరానికి చేరిపోయాయి. చిన్న పాత్రలు వేసిన మగ నటులు కొందరు తరువాత టీవీలో పెద్ద తారలయ్యారు, పాత సంగతి ఎత్తితే ముసిముసిగా నవ్వేశారు. నివేదిక నిజమేనని నమ్మించడానికి మొదటి సినిమా పేర్ల జాబితాలో ఓ వాక్యం చేర్చారు. పేర్లు చెప్పని అనేకమంది యువతీయువకులు, తల్లిదండ్రులు ఇందులో ఉన్నారని దాని సారాంశం. న్యూరెంబర్గ్‌లో ఎర్రబారిన ప్రింటు తిరిగినప్పుడల్లా ఆ వాక్యం విల్డెన్ ట్రంపెట్ల నడుమ తెర మీదికి వస్తుంది, వెళ్లిపోతుంది.