అచ్చుల విషయమున అశ్రద్ధ

ఆత్రేయపురము పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. గోదావరి సీమ వారికెల్లరకును ఇది సంతోషకరమైన విషయము. అయితే ఆ కీర్తి యంతయు బియ్యమునకు, నేతికి, బెల్లమునకు మాత్రమే చెందినది కాదు. పొయ్యిమీద బోర్లించిన మట్టికుండ కందులో గొప్ప భాగము కలదు. ఎండుటాకుల మంటతో వేడెక్కిన యా కుండ వీపుమీద, పలుచని పిండినీటిలో ముంచిన గుడ్డను పరచి తీసినంతనే రేకు తేలును. కుండ నునుపు చెడినను, వేడి యొకచోట హెచ్చి యొకచోట తగ్గినను, రేకు చిరుగును, లేదా మాడును. పిండి యెంత మేలైనదైనను అచ్చు చెడ్డదైనచో ఫలము లేదు. ఈ గ్రామస్త్రీలు నిత్యమెరిగిన సత్యమును మన నూతన పరిశ్రమలు తగినంతగా పాటింపకున్నవని మేము విచారించుచున్నాము.

కార్బను నారతో చేయు వస్తువులు నేడు విమానములకు, క్షిపణులకు, గాలిమరల రెక్కలకు ఆధారములైనవి. 2001 జనవరి 4వ తేదీన మొదట నింగికెగసిన మన తేజస్ విమానపు చట్రము బరువులో నూటికి సుమారు 45 పాళ్లు ఇట్టి పదార్థములే. ఎపాక్సి జిగురు పట్టించిన నారబట్టను అచ్చుమీద పొరలు పొరలుగా పరచి, మధ్యనున్న గాలిని లాగివేసి, కొలిమిలో వేడిచేసి గట్టిపరుతురు. విమాన భాగములకు ఈ వేడి తరచు 180 డిగ్రీల వరకు పోవును. చిక్కంతయు నిక్కడనే కలదు.

లోహము వేడికి పెరుగును. కార్బను నార తన పొడవు వెంబడి దాదాపు చలింపదు. వస్తువు గట్టిపడునది అచ్చు వేడిమీద నుండు కొలతకే గాని చల్లారిన కొలతకు గాదు. రెండు మీటర్ల పొడవుగల అచ్చును 25 డిగ్రీల నుండి 180 డిగ్రీలకు వేడిచేసితిమనుకొందము. అల్యూమినియపు అచ్చు ఏడు మిల్లీమీటర్లు పెరుగును. ఉక్కు అచ్చు నాలుగింటికి కొంచెము తక్కువగా పెరుగును. ఇన్వారు అను లోహపు అచ్చు అర మిల్లీమీటరుతో సరిపెట్టుకొనును. ఇనుమున నూటికి 36 పాళ్లు నికెలు కలిపిన ఈ ఇన్వారును 1896లో కనుగొన్న గియోం పండితునకు 1920లో నోబెలు బహుమానము లభించినది. కార్బను నారతోనే చేసిన అచ్చు వస్తువుతో సమముగానే నడచును.

పెరుగుదలను ముందే లెక్కించి అచ్చును చిన్నదిగా కోసిన చాలదా యని కొందరు ప్రశ్నింతురు. చిన్న వస్తువులకు చాలును. పెద్ద అచ్చు అన్నిచోట్ల నొకే వేడి నందదు గనుక అక్కడ లెక్క తప్పును. మరియు, అల్యూమినియపు గుంట అచ్చులో గట్టిపడిన వస్తువును చల్లారునప్పుడు అచ్చు నలువైపుల నుండి బిగించి పట్టును. బయటికి తీయుటలో వస్తువు పగులవచ్చును. అచ్చు ఉబ్బుగా నున్నచో చల్లారి తానే వదలును. ఇంతేకాక, లంబకోణముగా మడచిన భాగము అచ్చు నుండి వచ్చిన పిమ్మట ఒక డిగ్రీ వరకు లోనికి ముడుచుకొనుట సామాన్యము. దీనిని కూడ అచ్చులోనే సవరింపవలెను.

అన్నిటికిని ఇన్వారే కావలెనని మా వాదము కాదు. అది బరువు, ప్రియము; మెల్లగా వేడెక్కును. మామూలు వేడిలో గట్టిపడు నాలుగైదు వస్తువులకు కొయ్య చాలును. చిన్న భాగములకు అల్యూమినియము మేలు. అది సులభముగా కోతపడును, త్వరగా వేడెక్కును. వేలకొలది వస్తువులు తీయవలసినచో ఉక్కు నిలుచును. వస్తువు పెద్దదై, సంఖ్య కొద్దియైనచో కార్బను అచ్చు తగును. అది లోహమువలె చిరకాలము మన్నదు. పెద్దదియు, కచ్చితమైనదియు, పలుమారులు చేయవలసినదియు నైనప్పుడే ఇన్వారునకు డబ్బు పెట్టుట న్యాయము.

వేడి యెంత, సంఖ్య యెంత, కొలతలో తప్పు ఎంతవరకు సహింపవచ్చును అను మూడు ప్రశ్నలు వేయక, ధర యొక్కటే చూచి అచ్చును ఎన్నుకొనువారికి నష్టము తప్పదు. తొలుత మిగిల్చిన రూపాయి తుదకు పారవేయు వస్తువుల రూపమున పదిరెట్లు పోవును. కుదరని భాగమును బలవంతముగా బిగించిన యెడల లోపల దాగిన ఒత్తిడి విమానముతో పాటు గగనమున కెక్కును. అప్పుడు పోవునది ధనము మాత్రము కాదు.

నారను కొనవచ్చును, యంత్రమును కొనవచ్చును. అచ్చు నేర్పును మాత్రము మనము సంపాదించుకొనవలసినదే. అచ్చు పరులదైనచో వస్తువు మన గడ్డమీద తయారైనను స్వంతమనిపించుకొనదు. ఇందుకు మనకు సాధనములు లేకపోలేదు. హైదరాబాదున 1968 నుండి కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ కలదు. 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము ప్రత్యేక లోహములను పోయుచున్నది. బిడ్డలను ఇంజనీరింగునకు పంపు మన భూస్వాములును పట్టణవాసులును అచ్చు పనిని చేతిపనియని చులకన చేయక ఆ విద్యకును పంపవలెను. కర్మాగారముల యజమానులు అచ్చు చేయువానిని కడపట పిలిచి ధర అడుగుట మాని, వస్తువు గీత గీయునాడే అతని సలహా నడుగవలెను.

పూతరేకును పొగడు నోరు కుండ చేసిన కుమ్మరిని తలపదు. ఆ మరపును కర్మాగారములలోనికి కొనిపోవుట దేశమునకు క్షేమకరము కాదు.