ఉప్పు రవ్వంత పురుగు

పెంకుపురుగుల్లో అన్నిటికన్నా చిన్నదాని పొడవు 0.325 మిల్లీమీటర్లు. ఉప్పు రవ్వంత. ఆ కాస్త ఒంట్లోనే కళ్లు, మీసాలు, ఆరు కాళ్లు, మెదడు, మడిచి దాచుకునే రెక్కలు అన్నీ ఇమిడిపోయాయి. దాని పేరు సైడోసెల్లా ముసావాసెన్సిస్.

నికరాగ్వాలో దొరికిన ఈ పురుగును 1999లో వెస్లీ యూజీన్ హాల్ కొత్త జాతిగా వర్ణించారు. కానీ ఆ నమూనాలన్నీ మైక్రోస్కోపు గాజు పలకల మీద భద్రపరిచినవి. వాటితో పొడవు కచ్చితంగా తేల్చలేం. 2015లో మాస్కో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెక్సీ పొలిలోవ్ కొలంబియాలోని చికాకే అడవిలో ఒక శిలీంధ్రం మీంచి 85 పురుగులు సేకరించారు. వాటిని బాగా పెద్దవి చేసి ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో కొలిచారు. అప్పటికిగానీ లెక్క తేలలేదు. ఒక్క కొలతకు పదహారేళ్లు పట్టింది!

అసలు అబ్బురం వీటి ఎగురుడు. ఇంత చిన్న ప్రాణికి గాలి జిగట పెద్ద అడ్డంకి. అయినా ఇదే కుటుంబానికి చెందిన పారాటుపోసా ప్లాసెంటిస్, తనకు మూడింతలుండే పెంకుపురుగులతో సమానంగా ఎగురుతుంది. ఆ గుట్టును పొలిలోవ్ బృందం 2022లో ‘నేచర్’ పత్రికలో విప్పింది. దీని రెక్కలో పొర దాదాపు ఉండదు. సన్నని కాడ, దాని చుట్టూ ఈకలా విచ్చుకున్న నూగు, అంతే. బరువు తక్కువ. నూగు సందుల్లోంచి గాలి జారిపోయేదీ తక్కువే. ఆ రెక్కలు ఎనిమిది అంకెలా విశాలంగా తిరుగుతూ ఒంటి పైనొకసారి, కిందొకసారి దగ్గరపడతాయి. పైనున్న పెంకులు కూడా ఊగుతూ ఒళ్లు కుదుపులకు లోనుకాకుండా కాస్తాయి.

గుడ్డు సంగతి ఇంకా విడ్డూరం. ఈ కుటుంబంలో తల్లి ఒక్కోసారి ఒక్క గుడ్డే పెడుతుంది. అతి చిన్న జాతుల్లో ఆ ఒక్కటే తల్లి ఒంట్లో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తుంది.

‘దీనివల్ల ఏం లాభం?’ అని అడిగేవాళ్లుంటారు. చిట్టి ఎగిరే యంత్రాలు తయారుచేసే ఇంజినీర్లకు ఈ రెక్క పనికొస్తుంది, నిజమే. ఆ లాభం లేకపోయినా ఈ పని చేయదగ్గదే. ప్రాణం ఎంత చిన్న ఒంట్లో ఇమడగలదో చెప్పేవి ఈ కొలతలే. అందుకే పురుగుల్ని గుర్తించి, వర్ణించి, పేరుపెట్టేవాళ్లకు ఉద్యోగాలూ నిధులూ దక్కాలి. హాల్ వర్ణనే లేకపోతే, కొలంబియాలో దొరికింది ఏ పురుగో పోల్చుకోవడమే కష్టమయ్యేది.