మెడకు సరిపోయే కాడి

ఖమ్మం వీధుల్లో జట్కాబండ్లు ఏనాడో కనుమరుగయ్యాయి. కానీ భద్రాచలం అడవి అంచున మేము ప్రార్థనకు వెళ్లే ఒక పల్లెలో, ఒకప్పుడు జట్కా తోలిన పెద్దాయన ఇంకా ఒక పొట్టి గుర్రాన్ని సాకుతున్నాడు. ఈమధ్య ఒక చలికాలపు ఉదయాన ఆయన దాన్ని బండికి కడుతుంటే దగ్గరుండి చూశాం.

ముందు ఛాతీ పట్టీ వేసి, దాని కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూశాడు. పట్టీ పైకి జరిగితే ఊపిరాడదు, కిందికి జారితే భుజాలు ఆడవు. కళ్లెంలోని ఇనుప కడ్డీని అరచేతుల్లో వెచ్చబెట్టి నోటికి అందించాడు. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లులేని ఖాళీలో ఆ కడ్డీ ఆనుతుంది. ‘అక్కడంతా మెత్తని చిగురే అయ్యగారూ! పగ్గం ఒక్కసారి కసిగా గుంజితే చాలు, మళ్లీ నోరు తెరవదు’ అన్నాడు.

ఆ మాట మమ్మల్ని గుచ్చింది. నిరుడు ఆరాధనకు ఆలస్యంగా వచ్చిన ఒక యువకుణ్ణి సంఘమంతటి ముందు మందలించాం. రాత్రంతా మిర్చి బస్తాలు మోసి, నిద్రలేకుండా వచ్చాడని తర్వాత తెలిసింది. అతడు మళ్లీ మందిరం గడప తొక్కలేదు. కళ్లెం, నాలుకల గురించి యాకోబు రాసిన మాటలను విశ్వాసులకు ఎన్నోసార్లు బోధించాం. కానీ ఆ హెచ్చరిక బోధకులతోనే మొదలవుతుందని మరిచాం (యాకోబు 3:1–3).

యేసుప్రభువు వడ్రంగి (మార్కు 6:3). ఆయన నాగళ్లు, కాడులు చేశాడని రెండో శతాబ్దపు జస్టిన్ మార్టిర్ రాశాడు. తన కాడి సుళువైనదని ప్రభువు అన్నచోట (మత్తయి 11:30) గ్రీకు మాట ‘ఖ్రేస్తోస్’. మంచిది, దయగలది అనే అర్థాలూ దానికున్నాయి. అంటే మెడను ఒరిపిడి పెట్టని కాడి! 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో సేవ చేసిన మిషనరీ జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకున్నది అందుకే కదా! ఎదుటివాని భాష, బరువు తెలియకుండా వేసే కాడి పుండే చేస్తుంది.

పోయిన వారం ఆ యువకుని ఇంటికెళ్లి క్షమాపణ అడిగాం. మంచినీళ్లిచ్చాడు, ఎక్కువ మాట్లాడలేదు. ఆదివారం ఇంకా రాలేదు. గాయపడిన నోరు మానడానికి సమయం పడుతుంది. అతడొచ్చేదాకా వెళ్లి పలకరించడం మా వంతు. మీ ఇంట్లో, మీ సంఘంలో మీ మాట వల్ల గాయపడినవారు ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం కానుక అర్పించే ముందు వారి గడప తొక్కండి (మత్తయి 5:23–24).