కొన్న సైకిలా? కూర్చిన సైకిలా?

ప్రతి సంవత్సరం కళాశాల తెరచిన తొలి వారాలలో మా మిత్రబృందంలో ఒక వాదం రేగుతూ ఉంటుంది. ఊరి నుండి ఏడెనిమిది కిలోమీటర్లు వచ్చే విద్యార్థి కొత్త సైకిలు కొనవలెనా, లేక విడిభాగాలు సేకరించి కూర్చుకొనవలెనా? ఇది కాలక్షేపానికి చేసే వాదం కాదు. ఉదయపు బస్సు తప్పితే మొదటి రెండు పీరియడ్లు పోతాయి; హాజరు 75 శాతానికి తగ్గితే ఉపకారవేతనం చిక్కులో పడుతుంది. కనుకనే ఈ చిన్న వాహనాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించాము. పద్యాలకూ గజళ్లకూ నడుమ ఈ ఇనుప సరకేమిటని పాఠకులు నొసలు చిట్లించకుందురు గాక!

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. కొత్త సైకిలు కర్మాగారం నుండి నడుచుటకు సిద్ధమై వస్తుందని మనలో పలువురు తలుస్తారు. మామూలు దుకాణానికి అది కాగితం చుట్టిన ఫ్రేముగా, విడి చక్రాలుగా, మూటలలోని సామానుగా వస్తుంది. దానిని బిగించేది మన బజారులోని మేస్త్రీయే. అనగా కొన్న సైకిలు కూడా కూర్చినదే. తేడా ఒక్కటే: కొన్న దాని భాగాలు ఒకే సంస్థ ఎంచినవి, కూర్చిన దాని భాగాలు మనం ఎంచినవి. లూధియానాలో 1956లో హీరో సైకిల్స్‌ను స్థాపించిన ముంజాల్ సోదరులు కూడా తొలుత విడిభాగాల వర్తకులే. ఆ సంస్థయే 1986 నాటికి ప్రపంచంలో అత్యధికంగా సైకిళ్లు తయారు చేసేదిగా గిన్నిస్ గ్రంథానికెక్కింది.

ఇక ఖర్చు మాట. ఒక ఆదివారం కాగితం పట్టుకుని ఫ్రేము మొదలు గంట వరకు విడివిడిగా ధరలు వ్రాసుకున్నాము. కూడి చూస్తే మొత్తం కొత్త సైకిలు ధరను దాటిపోయింది! కర్మాగారం వేల లెక్కన కొనే రిమ్ములను మనం రెండే కొంటాము గదా, ఆశ్చర్యమేమున్నది? పన్నులోనూ లాభం లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది నిజమే కాని, ఆ తగ్గింపు సైకిలుకూ దాని భాగాలకూ సమానంగానే వర్తించింది. కాబట్టి సమస్తమూ కొత్తగా కొని కూర్చుకొనుట పొదుపు కాదు, కేవలం సరదా. సరదాకు మేము విరోధులము కాము. ఉపకారవేతనపు సొమ్ముతో మాత్రం వలదందుము.

అయితే ఇంటి చూరు క్రింద తాతగారిదో, దాదాజాన్‌దో పాత ఫ్రేము పడి ఉన్నదనుకోండి. అప్పుడు లెక్క తిరగబడుతుంది. 28 అంగుళాల చక్రాల ఆ నల్లని సైకిళ్ల నిర్మాణం దశాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. ముందు చక్రానికి 32 పోకులు, వెనుక చక్రానికి 40 పోకులు. ఆ కొలతలే నేటికీ దొరుకుతున్నాయి. అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి నిలిపివేసింది. అయినా ఆ పేరు గల పాత ఫ్రేముకు మరొక సంస్థ చక్రం, చైను నేటికీ అమరుతాయి.

కూర్చుకొనుటలో మరొక సుఖం పళ్ల లెక్కలో ఉన్నది. ముందు చక్రపు పళ్లు 44, వెనుక ఫ్రీవీలు పళ్లు 18 అయితే ఒక్కసారి తొక్కినప్పుడు బండి సుమారు అయిదున్నర మీటర్లు సాగుతుంది. చదునైన దారిలో హాయి. ఎదురుగాలిలో, చెరువుకట్ట ఎక్కేటప్పుడు గుండెలు అదురుతాయి. 22 పళ్ల ఫ్రీవీలు వేయిస్తే నాలుగున్నర మీటర్లే సాగుతుంది కాని మోకాళ్లు దీవిస్తాయి. కొన్న సైకిలు మన దారిని ఎరుగదు.

ప్రమాదాలు కూడా చెప్పవలెను. మాలో ఒకరు ఒక దుకాణంలో చవకగా పాత ఫోర్కు (ఉస్తాద్‌ల భాషలో చిమ్టా) కొన్నారు. కొత్త రంగు మెరుపు క్రింద పాత వెల్డింగు దాగి ఉన్నది. మూడవ వారం ఒక గుంతలో అది విరిగి, మిత్రుని ముందు పన్ను సగం పోయింది. పొదుపైన సొమ్ము పంటి వైద్యానికి చాలలేదు. పాతవి ఏవి వాడినా ఫోర్కు, హ్యాండిలు, బ్రేకులు మాత్రం కొత్తవే వేయించాలని అప్పటి నుండి మా నియమం. 26 అంగుళాల సైకిళ్ల వారికి ఇంకొక హెచ్చరిక: ఆ అంకె గల టైర్లన్నీ ఒకే కొలతవి కావు. ఒక రకం టైరు మరొక రకం రిమ్ముకు పట్టదు. ఎడమ పెడలు మర ఎడమ వైపుకు తిరుగుతుంది. తెలియక బలం చూపితే క్రాంకు పాడవుతుంది. ఇక తెలియనివారి వద్ద పాత ఫ్రేము కొనేటప్పుడు రసీదు అడగనివారు దొంగ సొత్తు కొని ఠాణా మెట్లెక్కవలసి రావచ్చు.

మా అభిప్రాయం ఇది. ఇంట గట్టి ఫ్రేము ఉన్నవారు దానిమీదనే కూర్చుకోవచ్చు. లేనివారు కొత్తదే కొనాలి. ఈ మాట వ్రాసిన తరువాత మా సోదరీమణులు ఆక్షేపించారు, న్యాయంగానే. చూరు క్రింద మిగిలిన ఫ్రేములన్నీ పై కడ్డీ గల మగవారి సైకిళ్లే. చీర, బురఖా ధరించేవారికి అవి పనికిరావు. తాతల ఆస్తి ఈ విషయంలో కూడా మనుమలకే చెందినది! కనుక ఇంట ఒక్క కొత్త సైకిలుకే సొమ్మున్నచో అది ఆడపిల్లకు కొని, అన్నదమ్ముడు పాతదానిని కూర్చుకొనుట సబబు.

కొన్నా, కూర్చినా, బిగించేటప్పుడు ఉస్తాద్ ప్రక్కన కూర్చోవాలి. చక్రం త్రిప్పి వంకర చూడమని అడగాలి. కాటరు మేకులు వారం రోజులకు వదులవుతాయి గనుక తిరిగి వచ్చి బిగింపించుకోవాలి. ఈ ఒక్క పని మరచినందుకే కొత్త సైకిళ్ల క్రాంకులు చెడినవి మేము రెండు చూశాము.

పన్ను విరిగిన మిత్రుడు ఇప్పుడు తాతగారి ఫ్రేముకు కొత్త ఫోర్కు వేయించుకుని సకాలంలోనే వస్తున్నాడు. ఫ్రీవీలుకు 20 పళ్లా, 22 పళ్లా అన్న చోట మాత్రం అతనికీ మాకూ పొత్తు కుదరలేదు.