భోపాల్ మట్టిని శుభ్రపరచే బాధ్యత ఎవరిది?

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్ రైల్వే స్టేషన్‌లో మన సోదర కార్మికులు విషవాయువు మధ్యనే నిలిచి విధులు నిర్వర్తించారు. ఆ ఘోరకలికి కారణమైన యూనియన్ కార్బైడ్ కర్మాగారపు మలినం ఇక తొలగిపోయిందని నేడు పాలకులు చెప్పుకుంటున్నారు. ఇది సత్యం కాదని మేము స్పష్టం చేయదలచాము.

2025 జనవరిలో ఆ ఆవరణ నుండి 337 టన్నుల విషవ్యర్థాలను పీథంపూర్‌కు తరలించారు. జూన్ నెలాఖరు నాటికి వాటిని దహనం చేశారు. కాని అవి మూటగట్టి షెడ్డులో ఉంచిన వ్యర్థాలు మాత్రమే. ఆ ఆవరణలో కలుషితమైన మట్టి సుమారు 11 లక్షల టన్నులని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 2010లో అంచనా వేసింది. అందులో మూడు వేలవ వంతుకు మించని దానిని తగులబెట్టి, పని పూర్తయినదనడం ప్రజలను వంచించడమే.

వాయువు గాలిలో కలిసిపోయింది. నేలలోకి దిగిన విషం కలిసిపోలేదు. 1969 నుండి యాజమాన్యం వ్యర్థాలను ఆవరణలోనే పారవేసింది. 1977 నుండి వెలుపలి చెరువులలోకి వదిలింది. ప్రతి వర్షాకాలమూ ఆ విషాన్ని మరింత లోతుకు దింపుతున్నది. కార్బన్ టెట్రాక్లోరైడు, క్లోరోఫారం వంటివి నీటికంటె బరువైనవి. అవి అడుగుకు చేరి, దశాబ్దాల తరబడి కొద్దికొద్దిగా భూగర్భజలంలో కరుగుతూ ఉంటాయి. కనుకనే పరిసర బస్తీలకు కొళాయి నీరందించాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఆ బోరునీటిని త్రాగినవారు శ్రామికులు, వారి బిడ్డలు.

మరి ఖర్చు ఎవరు భరించాలి? కలుషితం చేసినవాడే భరించాలని 1996లో సుప్రీంకోర్టు విస్పష్టంగా తీర్పు చెప్పింది. శుద్ధి వ్యయానికి 100 కోట్ల రూపాయలు ముందుగా జమ చేయవలసినదిగా డౌ కెమికల్‌ను ఆదేశించాలని 2005లో కేంద్ర రసాయనాల శాఖే హైకోర్టును కోరింది. 2001లో కార్బైడ్‌ను కొనుగోలు చేసిన డౌ, ఆస్తి తనదే గాని అప్పు తనది కాదన్నది! చివరకు ఆ 337 టన్నులను వదిలించుకోవడానికి 126 కోట్లు ప్రభుత్వ ఖజానా నుండి వెచ్చించారు. మన జీతాలలో కోసుకున్న పన్ను బహుళజాతి సంస్థ మలినాన్ని కడగడానికి పోయింది.

1989 నాటి 47 కోట్ల డాలర్ల ఒప్పందంతో సర్వం ముగిసిందని వాదించేవారున్నారు. ఆ ఒప్పందం ఒక రాత్రి వెలువడిన వాయువుకు సంబంధించినది. ఆ రాత్రికి పదిహేనేండ్ల ముందు నుండే నేలలోకి ఇంకుతున్న విషానికి అది చెల్లుచీటీ ఎలా కాగలదు?

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో నియమావళిని ప్రకటించింది. దానికి మొదటి పరీక్ష భోపాలే కావాలి. మట్టినీ, భూగర్భజలాన్నీ పూర్తిగా శుద్ధి చేయాలి, గడువు ప్రకటించాలి, వ్యయాన్ని కార్బైడ్, డౌ సంస్థల నుండి రాబట్టాలి, ఆ పని చేసే కార్మికులకు సంపూర్ణ రక్షణ కల్పించాలి. రైల్వే, తపాలా సోదరులారా! ప్రతి శాఖా సమావేశంలో ఈ కోర్కెలపై తీర్మానాలు చేసి ప్రభుత్వానికి పంపవలసినదిగా కోరుతున్నాము.