కోడి టీకా కూలీ గుడిసెకు చేరేనా?

2025 ఏప్రిల్‌లో ఎల్బీనగర్‌కు తూర్పున వున్న బాటసింగారంలో ఒక కోళ్ళఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. అధికార్లు కదిలారు, పత్రికలు రాశాయి. మంచిదే. కాని నాదర్‌గుల్ లాంటి ఊళ్ళలో నాలుగు పెరటి కోళ్ళు పెట్టుకొని బతికే కూలీకి అసలు శత్రువు కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. రాత్రి గూట్లో మూసిన కోడి తెల్లారేసరికి చచ్చి పడివుంటే ఏ పత్రికా రాయదు, ఏ పరిహారమూ రాదు.

ఇంతవరకు ఈ తెగులు టీకా కోసం వైరస్‌ను పొదిగే గుడ్లలో పెంచుతున్నారు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు మరో దారి కూడా పట్టారు. వైరస్ పైపొరలోని మాంసకృత్తుకు సంబంధించిన జన్యువును మాత్రం తీసి, హాని చేయని బాక్టీరియాలో చొప్పిస్తారు. తొట్లలో పెంచితే బాక్టీరియా ఆ మాంసకృత్తును తయారుచేసి పెడుతుంది. దొంగ రాకుండానే దొంగ చొక్కా చూపించి కుక్కకు వాసన పట్టించినట్టు, కోడి ఒళ్ళు రోగం లేకుండానే రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. గంబోరో వ్యాధి విషయంలో ఈ పద్ధతి బాగా పనికొచ్చింది. రాణిఖేత్ మాంసకృత్తుకు చక్కెర గొలుసులుంటాయి. వాటిని బాక్టీరియా సరిగా అతకలేదు. అందుకే అక్కడ పని కష్టం.

మేం సైన్సుకు వ్యతిరేకులం కాం. అది ఎవరి చేతిలో వుంటుందన్నదే మా ప్రశ్న. ఇదే తరహాలో, ఈస్టు సాయంతో, 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ఆ పరిశోధన మొదలైంది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. దిగుమతి టీకా ధర దిగొచ్చింది. కాని 2009లో కంపెనీ ఫ్రెంచి బహుళజాతి సంస్థ సనోఫీ వశమైంది. మరోపక్క, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వేడికి తట్టుకొనే ఐ-2 రాణిఖేత్ టీకా విత్తనాన్ని పేద దేశాల ప్రయోగశాలలకు ఉచితంగా ఇచ్చింది. రెండు దార్లూ వున్నాయన్నమాట.

మామూలు టీకా సీసా వందల కోళ్ళకు సరిపోతుంది. కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి. ఐదు కోళ్ళున్న ఇంటికోసం దాన్నెవరు తెరుస్తారు? ఫారం యజమానికి సరిపడే సీసా కూలీకి సరిపడదు.

కనుక శాంతినగర్‌లోని ప్రభుత్వ పశువ్యాధి టీకాల సంస్థే కొత్త టీకా చెయ్యాలి. చిన్న సీసాల్లో, చల్లపెట్టె లేకున్నా నిలిచేట్టు చెయ్యాలి. అందాకా వున్న టీకానే వాడవాడలా ఒకే రోజున, కోళ్ళు గూడు చేరాక వేయించమని పశువుల ఆసుపత్రిని నిలదియ్యాలి. వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ పనికి పూనుకోవాలి.