దేశాధ్యక్షుడికి తెలియదట!

కంబోడియాను ఏలిన ఖ్మేర్‌ రూజ్‌ హయాంలో దేశాధ్యక్షుడైన ఖియూ సంఫాన్‌ శిక్ష ఖరారైంది. ఖ్మేర్‌ రూజ్‌ నేరాలను విచారించిన ప్రత్యేక న్యాయస్థానం ఆయన అప్పీలును దాదాపు పూర్తిగా తోసిపుచ్చి, 2018లో వేసిన యావజ్జీవ శిక్షను 2022 సెప్టెంబరులో నాంపెన్‌లో ధ్రువీకరించింది. అప్పటికే 91 ఏళ్ల ముసలివాణ్ని జైల్లో ఉంచి ఇంకా సాధించేదేమిటని జాలిపడేవారున్నారు. ఆయన 2007 నుంచీ నిర్బంధంలోనే ఉన్నారు. 2014లో మరో కేసులోనూ యావజ్జీవమే పడింది. ఈ తీర్పు వల్ల ఆయన బతుకులో మారేదేమీ లేదు. ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన కథ మాత్రం ఇక చెల్లదు.

తాను ఉత్సవ విగ్రహాన్ని మాత్రమేననీ, పెత్తనమంతా పార్టీ అధినేత పోల్‌ పాట్‌దేననీ, జరిగిన ఘోరాలు తనకు తెలియవనీ ఆ కథ. 2021 ఆగస్టులో అప్పీలు విచారణ ముగుస్తున్నప్పుడు కూడా, చేసిన పనులను బట్టి కాక తననొక ప్రతీకగా చూసి శిక్షిస్తున్నారని వాపోయారు. ఈ విచారణ మొత్తంలో ఇంతకంటే నిస్సిగ్గు వాదన మరొకటి వినబడలేదు.

ఉత్సవ విగ్రహం ఊరేగింపుకు వస్తుంది గానీ పార్టీ స్టాండింగ్‌ కమిటీ సమావేశాల్లో కూర్చోదు. నేటికి మిగిలి ఉన్న మినిట్స్‌లో హాజరైనవారి జాబితాల్లో ఆయన పేరు పదేపదే కనిపిస్తుంది. పైగా కంబోడియా ఆర్థిక వ్యవస్థ మీదే 1959లో పారిస్‌లో డాక్టరేట్‌ పుచ్చుకున్న మనిషి. హెక్టారుకు మూడు టన్నుల వడ్లు పండించి తీరాలని పార్టీ హుకుం వేసినప్పుడు, ఆ లెక్క ఎన్ని ప్రాణాలు అడుగుతుందో ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? ట్రపెయాంగ్‌ థ్మా ఆనకట్ట దగ్గర మనిషి రోజుకు రెండు మూడు ఘనపు మీటర్ల మట్టి తవ్వి మోయాలి. పోసేది పలచటి గంజి. కూలి లేదు, వెళ్లిపోయే వీలు లేదు. న్యాయస్థానం బానిసత్వమని తేల్చింది దీన్నే. 1977 ఏప్రిల్‌లో విజయోత్సవ సభకెక్కి, దేశమంతటా లేస్తున్న ఆనకట్టలనూ కాలువలనూ వేనోళ్ల పొగిడింది సాక్షాత్తూ ఖియూ సంఫానే. ఆనకట్టలు కనిపించాయి గానీ, కట్టినవాళ్ల డొక్కలు కనిపించలేదట!

ఇక మాయమైనవాళ్ల సంగతి. పార్టీ చదువుకు రమ్మంటోందని చెప్పి మనుషులను పట్టుకుపోయేవారు. ఎక్కడికని అడగడానికి ఇంటివాళ్లకు గుండె చాలేది కాదు. నాంపెన్‌ నడిబొడ్డున ఎస్‌-21 జైలు ఒక్కదాంట్లోనే 12,000 మందికి పైగా బలయ్యారని ఈ న్యాయస్థానమే లెక్కగట్టింది. వారిలో సమాచార మంత్రి హు నిమ్‌ ఒకరు. ఖియూ సంఫాన్‌కు పాత సహచరుడు. 1967లో ఇద్దరూ అడవి బాట పట్టినప్పుడు నాటి పాలకుడు సిహనూక్‌ చంపించి ఉంటాడని జనం అనుకున్నారు. పదేళ్ల తర్వాత హు నిమ్‌ను నిజంగానే చంపింది సొంత పార్టీ. మంత్రి కుర్చీ ఖాళీ అయితే దేశాధ్యక్షుడికి అనుమానమైనా రాలేదా? దర్శకుడు రితీ పాన్‌ తీసిన డాక్యుమెంటరీ చూశాక గానీ, అంటే 2003 దాకా, ఎస్‌-21 అసలు స్వరూపం తనకు తెలియదన్నారాయన. ఆ జైలు గోడల వెనక ఏం జరిగిందో 1979లోనే లోకమంతా చూసింది. ఆ తర్వాత కూడా, 1998లో లొంగిపోయేదాకా, ఖ్మేర్‌ రూజ్‌ తరఫున దేశదేశాల్లో మాట్లాడింది ఈయనే.

ఈ న్యాయస్థానం మీద పదహారేళ్లలో 33 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ముగ్గురికే శిక్ష వేయగలిగారన్న విమర్శ న్యాయమైనదే. కంబోడియాపై బాంబులు కురిపించిన అమెరికన్లను ఎవరూ బోనెక్కించలేదన్నదీ కాదనలేని మాట.

అయితే ముగ్గురితో ఆగిపోయింది సాక్ష్యాలు లేక కాదు. ఇక కేసులు వద్దని, ఒకప్పుడు ఖ్మేర్‌ రూజ్‌ కమాండరైన అప్పటి ప్రధాని హున్‌ సేన్‌ బాహాటంగానే చెప్పారు. ఖ్మేర్‌ రూజ్‌ నౌకాదళాధిపతి మియాస్‌ ముత్‌ను విచారణకు నిలబెట్టాలని అంతర్జాతీయ దర్యాప్తు న్యాయమూర్తి ఆదేశిస్తే, కంబోడియా న్యాయమూర్తి కేసే కొట్టేశారు. ఆ పీటముడి విప్పకుండానే ఫైలు మూసేశారు. ఈ తీర్పు తర్వాత న్యాయస్థానానికి మిగిలిన పనుల్లో దస్తావేజుల సంరక్షణ ఒకటి. మూసేసిన ఆ కేసుల దర్యాప్తు పత్రాలను అటక ఎక్కించకుండా పూర్తిగా బయటపెట్టాలి. తమవాళ్లను ఎవరి ఆదేశంతో తీసుకుపోయారో, ఎక్కడ పూడ్చారో తెలుసుకునే హక్కు కుటుంబాలకు ఉంది. అందుకు ప్రభుత్వ అనుమతి చాలు. మరో 33 కోట్ల డాలర్లు అక్కర్లేదు.